మూడు నెలల గడువు ఎక్కడి నుంచి వచ్చింది?

హెచ్.ఐ.వి. సోకే అవకాశమున్న లైంగిక సంబంధం తరువాత భయపడుతూ వచ్చేవారు వైద్యుని సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. "నాకు సోకి ఉంటుందా?" అన్నది మొదటిది. "పరీక్షలో లేదని వచ్చింది; కాని నమ్మవచ్చునా?" అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు పరీక్షే జవాబు చెబుతుంది. రెండవదానికి జవాబు కావాలంటే ఆ పరీక్ష చరిత్ర కొంత తెలియాలి. నలభై అయిదు రోజులని ఒకరు, మూడు నెలలని ఇంకొకరు, ఆరు నెలలని మరొకరు చెప్పగా విని కలవరపడుతున్న పాఠకుల కోసం ఆ చరిత్రను క్లుప్తంగా చెబుతాను.

రక్తనిధుల కోసం పుట్టిన పరీక్ష

లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా సోకినట్లు అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 1981 జూన్ 5న ప్రకటించింది. ఎయిడ్స్‌కు కారణమైన వైరస్‌ను 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రవేత్తలు ఫ్రాంస్వాజ్ బారే-సినూసీ, లూక్ మాంటానియేల బృందం వేరుచేసింది. మొదటి ఎలైసా పరీక్షకు 1985 మార్చి 2న అమెరికాలో అనుమతి లభించింది.

ఆ పరీక్షను తయారుచేసింది దాతల రక్తాన్ని వడకట్టడానికి. మంచి రక్తాన్ని పొరపాటున పారవేస్తే కలిగే నష్టం స్వల్పం. కలుషిత రక్తాన్ని రోగికి ఎక్కిస్తే ప్రాణాపాయం. అందువల్ల కాస్త అనుమానమున్నా 'ఉంది' అని చెప్పేటట్లు దానిని రూపొందించారు. పైగా, పరీక్షకు వాడే వైరస్‌ను మానవ కణాలలో పెంచేవారు. ఆ కణాల ప్రోటీన్లు కూడా కొంత అందులో కలిసేవి. అనేక కాన్పులైన స్త్రీల రక్తంలోను, పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవారి రక్తంలోను అటువంటి ప్రోటీన్లకు ప్రతిరక్షకాలు ఉండవచ్చు. దానివల్ల వ్యాధి లేకున్నా ఉన్నట్లు ఫలితం వచ్చేది. ఒక్క పరీక్షతో నిర్ధారించరాదన్న నియమం ఈ అనుభవం నుంచే బలపడింది.

మరొక చిక్కు కూడా వచ్చిపడింది. భయపడినవారు కేవలం పరీక్ష కోసం రక్తదానానికి వస్తే ఎలా? సోకిన తొలి దినాలలో పరీక్ష పట్టుకోలేని రక్తం రోగులకు చేరుతుంది. అందుకే 1985లోనే అమెరికాలో రక్తనిధులతో సంబంధం లేని పరీక్షా కేంద్రాలను తెరిచారు. ఆ జాగ్రత్త నేటికీ వర్తిస్తుంది: మీ ఫలితం తెలుసుకోవడానికి రక్తదానం చేయకండి.

మౌనంగా ఉండే రోజులు

ఆనాటి పరీక్ష వెదికేది వైరస్‌ను కాదు, దానికి ఎదురుగా శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలను. అవి తగినంత తయారయ్యే వరకు ఫలితం 'లేదు' అనే వస్తుంది. ఈ వ్యవధినే విండో పీరియడ్ అంటారు. తొలి పరీక్షలకు ఇది అనేక వారాలు పట్టేది. మూడు నెలల గడువు అలా వచ్చింది. ఇంకా ఆలస్యం కావచ్చునన్న ముందుజాగ్రత్త ఆరు నెలల లెక్కకు దారితీసింది.

1989లో వెలువడిన ఒక పరిశోధన ఈ భయాన్ని పెంచింది. ప్రతిరక్షకాలు కనబడకుండానే వైరస్ సుమారు మూడేళ్ళ వరకు దాగి ఉండగలదని అందులో వ్రాశారు. తరువాతి పరీక్షలలో ఆ ఫలితం ధ్రువపడలేదు. కాని 'పరీక్షకు దొరకని హెచ్.ఐ.వి.' అన్న మాట మాత్రం జనంలో మిగిలిపోయింది.

పరీక్షలు అక్కడే ఆగిపోలేదు. శుద్ధిచేసిన ప్రోటీన్లతో రెండవ తరం, ముందుగా పుట్టే ప్రతిరక్షకాలను సైతం పట్టే మూడవ తరం వచ్చాయి. నాలుగవ తరం పరీక్ష ప్రతిరక్షకాలతోపాటు పి24 అనే వైరస్ ప్రోటీనును కూడా గుర్తిస్తుంది. ఇది అమెరికాలో 2010లో అనుమతి పొందింది. సిరనుంచి తీసిన రక్తంతో ప్రయోగశాలలో చేసే ఈ పరీక్షకు 45 రోజులు చాలు. ప్రతిరక్షకాలను మాత్రమే చూసే పరీక్షలకు, వ్రేలి కొన నుంచి తీసిన రక్తంతో చేసే సత్వర పరీక్షలకు 90 రోజుల గడువే క్షేమం. అంటే మూడు నెలల మాట తప్పు కాదు; మీరు చేయించుకున్న పరీక్ష ఏదన్న దానిపై గడువు ఆధారపడి ఉంటుంది.

మన దేశంలో

1986లో మద్రాసులో డాక్టర్ సునీతీ సాలమన్ మార్గదర్శకత్వంలో ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల సేకరించిన నమూనాలను వేలూరుకు తీసుకువెళ్ళి పరీక్షించగా, దేశంలో హెచ్.ఐ.వి. ఉన్నట్లు మొదటిసారి తెలిసింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. నేడు ప్రభుత్వ కేంద్రాలలో వేర్వేరు పద్ధతుల మూడు పరీక్షలలోనూ 'ఉంది' అని వస్తేనే వ్యాధిని నిర్ధారిస్తారు. మీ సమ్మతి, గోప్యతలకు 2017 చట్టం రక్షణ కల్పించింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోడలమీద కనిపించిన 'పులిరాజా' ప్రకటనలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఎయిడ్స్ వస్తుందా అన్న ప్రశ్న ఇంటింటికీ చేరింది. పరీక్షను ఏ రోజున నమ్మాలన్న సంగతి అంత దూరం చేరలేదు.

భయానికి గడువు

సంఘటన జరిగి 72 గంటలు దాటకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. అవసరమని వైద్యుడు భావిస్తే 28 రోజుల నివారణ మందులు ఇస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. ఆ మందులు వాడినవారు పరీక్ష గడువును వైద్యునితోనే నిర్ణయింపజేసుకోవాలి.

72 గంటలు దాటినవారు పరీక్ష గడువు వచ్చే వరకు కండోమ్ వాడాలి, రక్తదానం మానాలి. ఈలోగా గుండెదడ, నాలుకపై తెల్లపూత, విరేచనాలు చూసి వ్యాధిని ఊహించుకోకండి. వీటిని బట్టి హెచ్.ఐ.వి. ఉన్నదనీ చెప్పలేము, లేదనీ చెప్పలేము. ఆందోళన కూడా గుండెదడను, విరేచనాలను కలిగిస్తుంది.

మీ రిపోర్టు తీసి పరీక్ష రకాన్ని, రక్తం ఇచ్చిన తేదీని చూడండి. సంఘటన నాటి నుంచి ఆ పరీక్షకు తగిన గడువు దాటి, ఫలితం 'లేదు' అని ఉంటే, మధ్యలో మరో అనుమానాస్పద సంబంధం లేకుంటే, అదే తుది ఫలితం. ఆ తరువాత ఎన్నిసార్లు రక్తం ఇచ్చినా కొత్త సంగతి తెలియదు. అయినా నిద్ర పట్టకపోతే చికిత్స అవసరమైనది ఆందోళనకు; మానసిక వైద్యుని కలవడానికి సంకోచించకండి. ఒకవేళ 'ఉంది' అని నిర్ధారణ అయినా నేడు మందులున్నాయి. మన దేశంలో 2004 నుంచి ప్రభుత్వం వాటిని ఉచితంగా ఇస్తున్నది. సందేహముంటే జాతీయ ఉచిత సహాయవాణి 1097కు ఫోన్ చేయవచ్చు.