అడవిలో సముద్ర దీపం: విశాఖ లైట్‌హౌస్ నుంచి దామగుండం దాకా

సారాంశం: నేల మీద నుంచి ఓడకు సంకేతం అందించడమే లైట్‌హౌస్ పని. విశాఖ కొండ మీది దీపాన్నీ, వికారాబాద్ జిల్లా అనంతగిరి ప్రాంతంలో తలపెట్టిన నౌకాదళ కేంద్రాన్నీ పక్కపక్కన పెట్టి, ఆ పని తీరం విడిచి ఇంత లోపలికి ఎలా రాగలిగిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

1. వెలుగుకున్న హద్దు

విశాఖ రేవులోకి మొదటి ఓడ ‘జలదుర్గ’ 1933 అక్టోబరు 7న వచ్చింది. రేవు ముఖద్వారం పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్ 1957 నాటిది. దీపాన్ని కొండెక్కించడానికి కారణం భూమి గుండ్రంగా ఉండటమే. వంద మీటర్ల ఎత్తు నుంచి సముద్రం మీద చూపు ఆనేది సుమారు 36 కిలోమీటర్లు. ఎత్తు నాలుగింతలు చేసినా ఆ దూరం రెట్టింపే అవుతుంది.

ఉపగ్రహాలు దారి చూపే ఈ రోజుల్లోనూ, పరికరం చెప్పినదాన్ని కంటితో సరిచూసుకోవడానికి దీపం అక్కరకొస్తుంది. అయితే 1927 నాటి లైట్‌హౌస్ చట్టం స్థానంలో 2021లో వచ్చిన నౌకాయాన సహాయక సాధనాల చట్టం పేరులో ‘లైట్‌హౌస్’ అన్న మాటే లేదు. దీపం అనేక సాధనాల్లో ఒకటైంది.

2. నీటి కిందికి చేరే సంకేతం

ఎంత ఎత్తున వెలిగించినా దీపం జలాంతర్గామికి కనిపించదు. మామూలు రేడియో తరంగాలూ ఉప్పునీటిలో ఇంకిపోతాయి. 3 నుంచి 30 కిలోహెర్ట్‌జ్ మధ్య ఉండే వీఎల్‌ఎఫ్ తరంగాలు మాత్రం పది, ఇరవై మీటర్ల లోతు దాకా దిగుతాయి. భూమికీ అయనోస్ఫియర్‌కూ నడుమ వంపు వెంట వేల కిలోమీటర్లు సాగుతాయి. అందుకే వీటికి తీరం అక్కర్లేదు. అక్కర్లేనిది తీరమే కాని నేల కాదు: 20 కిలోహెర్ట్‌జ్ తరంగం పొడవు 15 కిలోమీటర్లు, దానికి తగ్గట్టు యాంటెన్నాలూ విస్తారంగా పరచుకోవాలి.

ఈ తరంగాలు ఓడలకు దారి చూపడం కొత్త కాదు. ఎనిమిది కేంద్రాలతో ప్రపంచమంతటా నడిచిన ‘ఒమేగా’ వ్యవస్థ 1997లో మూతపడేదాకా చేసింది ఆ పనే.

3. దామగుండం

వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ వీఎల్‌ఎఫ్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. తమిళనాడు తిరునల్వేలి జిల్లాలో 1990 నుంచి పనిచేస్తున్న ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ తర్వాత ఇది దేశంలో రెండోది. దీనికి కేటాయించిన అటవీ భూమి సుమారు 2,900 ఎకరాలు. జనం నోట ‘రాడార్ స్టేషన్’గా నలిగింది కాని, రాడార్ వెతుకుతుంది, ఇది కబురు పంపుతుంది. ఆ లెక్కన ఇది లైట్‌హౌస్‌కే దగ్గరి చుట్టం.

4. ముగింపు

డాల్ఫిన్స్ నోస్ దీపానికి కొండకొమ్ము సరిపోయింది. ఈ దీపానికి అడవే కావాల్సి వచ్చింది. స్థానికుల, పర్యావరణవాదుల అభ్యంతరాలకు మూలం ఇక్కడుంది. దామగుండం ఉన్న అనంతగిరి ప్రాంతానికి సముద్రంతో బంధం వీఎల్‌ఎఫ్‌తో మొదలైంది కాదు. ఇక్కడ పుట్టిన మూసీ హైదరాబాద్ మీదుగా పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి బంగాళాఖాతం చేరుతోంది. కొత్త సంకేతం విలువ కట్టేటప్పుడు ఆ పాత నీటిదారినీ లెక్కలోకి తీసుకోవాలి.