భుజం పట్టీకి ప్రతిపదార్థం

పాత మిలిటరీ సరుకు అమ్మేవాళ్ల చీటీల మీద ఇలాంటి వరస కనిపిస్తుంది: ‘యూఎస్ కాన్‌స్టాబ్యులరీ, జర్మన్ మేడ్, బులియన్, కట్ ఎడ్జ్, నో గ్లో, ఆఫ్ యూనిఫాం.’ కొత్తగా సేకరణలో దిగినవారు మొదటి మాట చూడగానే డబ్బు తీస్తారు. ధర తేల్చేవి మాత్రం తక్కిన మాటలే.

యూఎస్ కాన్‌స్టాబ్యులరీ: రెండో ప్రపంచయుద్ధంలో ఓడిపోయిన జర్మనీలో అమెరికా వంతుకు వచ్చిన ప్రాంతాన్ని కాయడానికి 1946 జూలై 1న పని మొదలుపెట్టిన దళం. తొలి అధిపతి మేజర్ జనరల్ ఎర్నెస్ట్ హార్మన్. సరిహద్దు గస్తీ, రోడ్ల మీద తనిఖీలు, నల్లబజారు మీద దాడులు వీళ్ల పనులు. పట్టీ గుండ్రంగా, పసుపుపచ్చగా ఉంటుంది. నీలం అంచు, నీలం ‘సి’ అక్షరం, దాని మీదుగా ఎర్రటి మెరుపు. పసుపు అశ్వికదళానిది, నీలం పదాతిదళానిది, ఎరుపు ఫిరంగిదళానిది.

జర్మన్ మేడ్: చీటీ మొత్తంలో అసలైన మాట ఇది. కొత్త దళానికి పట్టీలు అమెరికా నుంచి వచ్చేదాకా ఎవరు ఆగుతారు? పక్క ఊళ్లోనే దర్జీలు, కుట్టుపనివాళ్లు ఉన్నారు. వాళ్లకు పని కావాలి. 1948 జూన్‌లో కొత్త మార్కు వచ్చేదాకా అక్కడ అమెరికన్ సిగరెట్లే డబ్బులా చెలామణీ అయ్యాయి. గెలిచినవాడి గుర్తును ఓడినవాడు కుట్టిపెట్టాడన్నమాట. ఇంకో చిత్రం: ఈ పట్టీల్లో సేకరించేవారు ‘బేవో’ అని పిలిచే సన్నని నేతవీ ఉన్నాయి. ఆ పేరు వూపర్టాల్‌లోని నేత కంపెనీది. హిట్లర్ సైన్యం బ్యాడ్జీలూ ఆ పద్ధతిలో నేసినవే. ఫ్యాక్టరీలో వేలకొద్దీ ఒకే అచ్చున దిగిన అమెరికా పట్టీకన్నా, మెరుపు కాస్త వంకరపోయిన ఆ దర్జీల చేతికుట్టు పట్టీయే నాకు విలువైనది.

బులియన్: లోహపు తీగతో చేతికుట్టు. మన జాకెట్ల మీద మగ్గం పని లాంటిదే. పాత తీగ నల్లబడుతుంది. డెబ్భై ఏళ్లు దాటినా ధగధగలాడుతుంటే అనుమానించాలి. ఇప్పుడు బులియన్ బ్యాడ్జీలు వారణాసి, సియాల్‌కోట్‌ల నుంచి దేశదేశాలకు వెళుతున్నాయి. పాతవాటి నకళ్లు చేయగల చేతులకు కొదవలేదు.

కట్ ఎడ్జ్: అంచును దారంతో చుట్టకుండా కత్తిరించి వదిలేసిందని. మిషన్ కుట్టు పట్టీలకు చెల్లే మాట. చుట్టూ దారంతో మందంగా చుట్టిన అంచు 1960లలో మామూలైంది. బులియన్ పట్టీ చీటీ మీద దీన్ని రాయడం అలంకారమే.

నో గ్లో: అతినీలలోహిత దీపం కింద మెరవదని. యుద్ధం తర్వాత వాడుకలోకి వచ్చిన కృత్రిమ దారాలు, తెలుపునిచ్చే రసాయనాలు ఆ వెలుగులో మెరుస్తాయి. కానీ అసలు పట్టీని తర్వాతెప్పుడో సర్ఫుతో ఉతికినా మెరుస్తుంది. ఆ రసాయనాలు తగలని నూలుతో కుట్టిన నకలు మెరవదు. ఈ ఒక్క పరీక్షను నమ్మి కొనకూడదు.

ఆఫ్ యూనిఫాం: కోటు మీంచి ఊడదీసింది. అమ్మేవాళ్లు దీన్ని ఘనతగా రాస్తారు, నాకు మాత్రం కోపం వస్తుంది. అమెరికా సైనికుడి ఎడమ భుజాన ప్రస్తుత దళం పట్టీ, కుడి భుజాన యుద్ధంలో పనిచేసిన పాత దళం పట్టీ ఉండేవి. రెండూ కలిస్తేనే అతను ఎక్కడ పోరాడి ఈ కాపలాకు వచ్చాడో తెలిసేది. విడివిడిగా అమ్మితే రెండు బేరాలు, అందుకే కత్తెర. పట్టీలతో సహా కోటు దొరికితే, దయచేసి అలాగే ఉంచండి.