కాసాయి ఒడ్డున కంపెనీ నీళ్ళు

1868 డిసెంబరు 31తో ఈస్ట్ ఇండియా ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ కథ ముగిసింది. లండన్‌లో వాటాలు అమ్మి, ఒరిస్సాలో కాలువలు తవ్వి, రైతుకు నీళ్ళమ్మి లాభం తీద్దామని బయల్దేరిన సంస్థ అది. తన ఆనకట్టలనూ, లాకులనూ, పూర్తికాని కాలువలనూ సర్కారుకు అప్పజెప్పి చేతులు దులుపుకుంది. సర్కారు చెల్లించిన మూల్యం పది లక్షల పౌండ్ల దరిదాపు. మహానది పనులతో పాటు కాసాయి నది మీది మిడ్నాపూర్ కాలువ కూడా ఆ అప్పగింతలో ఉంది. కాసాయికి దక్షిణాన, ఎర్రమట్టి మెరక మీద, ఖరగ్‌పూర్ అప్పటికి ఒక పల్లె. రైలు అక్కడికి రావడానికి ఇంకా 30 ఏళ్ళుంది.

నీళ్ళ పని కంపెనీ చెయ్యాలా, దేశమే చెయ్యాలా అన్నది నిన్న మొన్నటి వాదమని మనం అనుకుంటాం. ఈ దేశంలో అది ఒకసారి హోరాహోరీగా జరిగింది, తీర్పూ వచ్చింది. తెలుగువాళ్ళకు కాస్త ఇబ్బంది కలిగించే సంగతేమిటంటే, ఆ తీర్పులో ఓడిన పక్షాన నిలబడినవాడు మన కాటన్ దొర.

(ఈ కథలో పేరులేని మనుషుల సంభాషణలు నేను అల్లినవి. పేరున్నవారి నోట ఒక్క మాటా కల్పించలేదు. వారి వాదనల సారం మాత్రం చెప్పాను.)

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక ఆర్థర్ కాటన్ మాటకు ఎదురులేకుండా పోయింది. 1858లో ఒరిస్సా వెళ్ళి మహానదిని చూశాడు. గోదావరి డెల్టాకు చేసినదే ఇక్కడా చెయ్యవచ్చని నివేదిక రాశాడు. అయితే గోదావరి పనుల్లో ఆయనకు ఒక చేదు అనుభవం మిగిలింది. ప్రతి రూపాయికీ మద్రాసు సర్కారును బతిమాలుకోవలసి వచ్చింది. 1857 తిరుగుబాటు అణచడానికే ఖజానా ఖాళీ అయిన రోజులు. మరి డబ్బు ఎక్కడుంది? లండన్ మదుపుదారుల దగ్గరుంది. అలా రెండు కంపెనీలు పుట్టాయి. మద్రాసు కంపెనీ తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వడానికి పూనుకుంది. అదే మన కె.సి. కెనాల్. రెండోది ఒరిస్సా, మిడ్నాపూర్ పనులు తీసుకుంది. దాని చీఫ్ ఇంజినీరు రండాల్ గోదావరి పనుల్లో ఆరితేరినవాడే.

మద్రాసు కంపెనీ వాటాదారులకు అయిదు శాతం వడ్డీకి సర్కారు పూచీపడింది. ఒరిస్సా కంపెనీకి ఆ పూచీ లేదు. నీళ్ళమ్మితేనే దానికి డబ్బు.

ఇక కటక్ జిల్లా. కంపెనీ మనిషి ఊరి రచ్చకు ఒప్పంద పత్రాలు పట్టుకొచ్చాడు.

"ఎకరాకు ఇంత. సంతకం పెడితే కాలువ నీళ్ళు మీవే."

"ఈ ఏడు వాన బాగా పడితే?"

"పడినా కట్టాలి. ఒప్పందం అంటే ఒప్పందమే."

ఊరిపెద్ద పత్రం అటూ ఇటూ తిప్పి చూశాడు. "బాబూ, ఇవాళ నీటిపన్ను అంటారు. రేపు జమీందారు దాన్ని చూపించి శిస్తు పెంచుతాడు. ఎల్లుండి మీ దొర వెళ్ళిపోతాడు, పన్ను మాత్రం మా నెత్తిన ఉండిపోతుంది. వద్దు."

రైతు మొండివాడని ఆనాటి దొరలు విసుక్కున్నారు. నాకు మాత్రం లెక్క రైతు వైపే తేలుతోంది. మిడ్నాపూర్, ఒరిస్సా తీరాల్లో ఏడాదికి సుమారు 1500 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మంచి ఏడాదిలో వరికి కాలువతో పనిలేదు. చెడ్డ ఏడాదిలో కాలువే ప్రాణం. చెడ్డ ఏడాది ఎప్పుడొస్తుందో తెలియదు కనుక రైతు ఆగి చూస్తాడు. కంపెనీకి ఆగే వీల్లేదు, వాటాదారుడికి ప్రతి ఏడూ డివిడెండు కావాలి. పదేళ్ళలో రెండేళ్ళు అక్కరకొచ్చే సరుకును ఏటా అమ్మి బతకాలనుకోవడంలోనే ఆ వ్యాపారం బెడిసింది. కర్నూలు నల్లరేగడిలోనూ ఇదే జరిగింది. వాన తడితోనే జొన్న పండే నేలకు నీళ్ళెందుకన్నారు.

ఇంతలో ఆ చెడ్డ ఏడాది రానే వచ్చింది. 1865లో వానలు తొందరగా ముఖం చాటేశాయి. 1866 నడిమికి ఒరిస్సా శ్మశానమైంది. పది లక్షల మంది పోయారని లెక్క, అంటే ముగ్గురిలో ఒకరు. మిడ్నాపూర్ జిల్లానూ ఆ కరువు వదల్లేదు. సరిగ్గా ఆ ఏడు మే నెలలోనే లండన్‌లో ఓవరెండ్ గర్నీ అనే పెద్ద ద్రవ్యసంస్థ కుప్పకూలి, మదుపుదారులు సంచులు బిగించేశారు. కాలువలు తవ్వించి కూలి ఇస్తే జనం బతికే సమయంలో, తవ్వించవలసిన కంపెనీ దగ్గర పైకం లేదు. సర్కారే అప్పిచ్చి పని సాగించింది.

అప్పటి వైస్రాయ్ జాన్ లారెన్స్. పంజాబులో కాలువలను సర్కారే తవ్వించగా చూసినవాడు. ఆయన వాదన నిక్కచ్చి. కంపెనీ నెగ్గితే లాభం లండన్‌కు పోతుంది, మునిగితే బరువు ఎలాగూ సర్కారు మీదే పడుతుంది. అలాంటప్పుడు సర్కారే తక్కువ వడ్డీకి అప్పు తెచ్చి తానే ఎందుకు కట్టకూడదు? రైళ్ళ విషయంలోనూ 1869లో ఇదే రాశాడు. ఇండియా మంత్రి స్టాఫర్డ్ నార్త్‌కోట్ హయాంలో నీటిపనులకు అప్పు తెచ్చే పద్ధతికి దారి తెరుచుకుంది. ఒరిస్సా కంపెనీని కొనేశారు. మద్రాసు కంపెనీ ఇంకొంత కాలం ఈడ్చి 1882లో సర్కారు చేతికొచ్చింది. పెద్ద నీటిపనులను కంపెనీలకు అప్పగించడం అంతటితో ఆగింది.

లారెన్స్‌ను ప్రజాపక్షపాతి అనేద్దామా? నేను అనలేను. ఒరిస్సా చస్తుంటే ఆలస్యంగా కదిలిన పాలనకు అధిపతి ఆయనే. పైగా కంపెనీ నుంచి తీసుకున్న నీళ్ళు జనానికి దఖలు పడలేదు. నదుల్లో, వాగుల్లో సహజంగా పారే నీటిని వాడుకునే, అదుపుచేసే హక్కు సర్కారుదేనని ఉత్తరాదికి 1873లో వచ్చిన నీటిపారుదల చట్టం పీఠికలోనే రాసుకుంది. ప్రజాప్రయోజనం కోసమన్న మాట ఉంది. ఏది ప్రజాప్రయోజనమో తేల్చేదీ సర్కారే.

కాటన్ ఊరుకోలేదు. 1878లో, 75 ఏళ్ళ వయసులో, బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూర్చున్నాడు. జార్జ్ హామిల్టన్ అధ్యక్షుడు. రైళ్ళ మీద అంత పోసి కాలువలకు ముష్టి వేస్తున్నారని కాటన్ గోడు. సరుకు రవాణాకు ఇనుపదారి కంటే నీటిదారి ఎంతో చవక అని ఆయన పట్టు. ఎదుటివాళ్ళు ఒరిస్సా నష్టాలనూ, కర్నూలు నష్టాలనూ తీసి ముందు పెట్టారు. కమిటీ ఆయన వైపు మొగ్గలేదు. ఆయనకు కంపెనీల మీద ప్రత్యేకమైన మోజు ఉందని నేననుకోను. నీళ్ళు పారాలి, డబ్బెవరిదైతేనేం అన్న తొందర ఆయనది. కాని డబ్బు ఎవరిదన్నదాన్ని బట్టే నీళ్ళు ఎవరి పొలానికి పారతాయో తేలుతుందని కటక్ ఊరిపెద్దకు తెలిసినంతగా ఆ మహానుభావుడికి తెలియలేదు.

మిడ్నాపూర్ కాలువను సర్కారు పూర్తిచేసింది. మిడ్నాపూర్ నుంచి హుగ్లీ ఒడ్డున ఉలుబేరియా దాకా నీటిదారి. పడవల మీద సరుకూ జనమూ కలకత్తా వైపు సాగేవారు. ఆ వైభవం మూడు దశాబ్దాలైనా నిలవలేదు. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే 1900లో హౌరా నుంచి ఖరగ్‌పూర్‌కు దారి వేసేసరికి పడవల గిరాకీ పడిపోయింది. కాటన్ 1899 జులైలో కన్నుమూశాడు, ఆ దారి పడుతున్న రోజుల్లోనే.

ఇక్కడ చరిత్ర ఒక కొంటెపని చేసింది. బి.ఎన్.ఆర్. కూడా లండన్ కంపెనీయే, నాలుగు శాతం వడ్డీకి సర్కారు పూచీ. నీటిపనుల్లోంచి 1868లో సాగనంపిన కంపెనీ, ఇలా రైలెక్కి అదే కాసాయి ఒడ్డుకు మళ్ళీ వచ్చింది. వర్క్‌షాపు పెట్టింది, క్వార్టర్లు కట్టింది, కాసాయి నీళ్ళు తోడి కుళాయిల్లో వదిలింది. 1902లో తూర్పుతీరపు లైనులో ఉత్తరభాగం బి.ఎన్.ఆర్. చేతికొచ్చాక విశాఖ, గంజాం జిల్లాల కూలీలకు ఖరగ్‌పూర్ ఒకే బండి దూరం. ఫిట్టర్లు, ఖలాసీలు, గ్యాంగ్‌మెన్‌లు. నీంపురాలో, మథురాకాటిలో తెలుగు వినిపించడం అలా మొదలైంది. 1927లో వి.వి.గిరి నడిపిన కార్మిక సంఘం సమ్మెకు దిగినప్పుడు, పని మానేసిన మనిషి తలదాచుకున్న ఇల్లూ కంపెనీదే, తాగిన నీళ్ళూ కంపెనీవే.

1944లో సర్కారు బి.ఎన్.ఆర్.ను తీసుకుంది. ఆ రోజు నుంచి ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో కుళాయి తిప్పితే వచ్చేది జాతీయ సంస్థ నీళ్ళు. దేశమంతటికీ ఒక ప్రభుత్వ నీటిసంస్థ ఉంటే ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక నమూనా మన దగ్గరుందన్నమాట. ఆ నమూనాలో క్వార్టరు ఉన్నవాడికి కుళాయి ఉంది. క్వార్టరు లేకుండా రైల్వే స్థలంలోనే తరాలుగా బతుకుతున్న బస్తీకి పేచీ ఉంది.

ఊరి పురపాలక సంఘం 1954లో ఏర్పడింది. రైల్వే ప్రాంతం దాని బయటే ఉండిపోయింది. 2001 జనగణనలో రైల్వే సెటిల్‌మెంట్‌ను వేరే పట్టణంగా లెక్కేశారు, జనం 88 వేల పైచిలుకు. 2010లో రైల్వే వార్డులు పురపాలికలో కలిశాయి. ఓటొచ్చింది, కౌన్సిలరు వచ్చాడు. నేల మాత్రం రైల్వేదే. పైపు వెయ్యాలంటే రైల్వే అనుమతి కావాలి. రైల్వే ఆస్తి మీద స్థానిక పన్ను వెయ్యాలన్నా, 1989 రైల్వే చట్టం 184వ సెక్షన్ ప్రకారం కేంద్రం నోటిఫికేషన్ ఇవ్వాలి. రాజ్యాంగమేమో 74వ సవరణతో తాగునీటిని పురపాలికల పనుల జాబితాలో పెట్టింది. నీళ్ళు రాష్ట్రాల జాబితాలో 17వ అంశం. అంతర్రాష్ట్ర నదులు కేంద్ర జాబితాలో 56వ అంశం. ఢిల్లీలో ఈ చర్చ ఆగిందీ లేదు. 1972లో కె.ఎల్.రావు గంగా కావేరి కాలువను ప్రతిపాదించినప్పుడూ, 2016లో మిహిర్ షా కమిటీ జాతీయ నీటి కమిషన్ కావాలన్నప్పుడూ ప్రశ్న ఒకటే, పెత్తనం ఎవరిదని. బస్తీలో అదే ప్రశ్న కౌన్సిలరు మనిషి ముందు బిందెతో నిలబడి ఉంటుంది.

"పిన్నీ, పైపు వెయ్యడానికి మేం సిద్ధమే. నేల మాది కాదు గదా."

"నేలేమో ఆళ్ళది, ఓటేమో మీకు. మరి నాను బిందెట్టుకుని ఎవులింటికెల్లాల?"

"రైల్వే డీఆర్ఎం ఆఫీసుకు ఇంకో అర్జీ పెడదాం."

"ఈపాలి తెలుగులో రాయరా. మన బాసకి గుర్తింపిచ్చినారని ఆ ఏడు నువ్వే గదా మిఠాయిలు పంచినావు."

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చిన మాట నిజమే. కౌన్సిలరు మనిషి తల గోక్కున్నాడు.

"అది రాష్ట్ర సర్కారు ఇచ్చింది పిన్నీ. డీఆర్ఎం ఆఫీసు కేంద్రానిది."