ద్వీప జీవితము – ట్రిస్టన్ ప్రజల తీర్పు

ద్వీపమనగా నలువైపుల నీరు గల భూభాగమని భూగోళ పాఠములో చదువుకుంటాము. ఈ నిర్వచనము నీటిని గురించి చెప్తుందేగాని అక్కడ నివసించే మనుషులను గురించి ఏమీ చెప్పదు. గోదావరి లంకలో ఉండేవానికి కూడా నాలుగు వైపుల నీరే. కాని అతడు పడవ ఎక్కితే కొద్దిసేపటిలో గట్టు చేరి, సంతలో సరుకు కొని, వైద్యుని చూచి, మాపటికి ఇల్లు చేరగలడు. గట్టు కంటికి కనబడని దీవిలో బ్రదుకు వేరు. అక్కడ లేనిదానిని తెచ్చుకొనే వీలు లేదు. ఉన్నదానితో సరిపెట్టుకోవాలి, ఉన్నవారితోనే కలిసి ఉండాలి. అటువంటి బ్రదుకు ప్రధాన భూభాగపు బ్రదుకు కంటె మేలా, కీడా? ఈ ప్రశ్నకు సాధారణముగా బయటివారే జవాబు చెప్తూ ఉంటారు. రెండింటిని స్వయముగా అనుభవించి, తూచి, ఓటు వేసి జవాబు చెప్పిన ప్రజలు చరిత్రలో బహు తక్కువ. దక్షిణ అట్లాంటిక్ సముద్రములోని ట్రిస్టన్ డ కూన్హా వాసులు అట్టివారు.

దేశపటములో ఆఫ్రికా దక్షిణపు కొననుంచి పడమరగా చూపు సాగించండి. కేప్‌టౌన్‌కు సుమారు 2,800 కిలోమీటర్ల దూరములో ఒక చుక్క కనిపిస్తుంది. నెపోలియన్ చక్రవర్తిని బంధించి ఉంచిన సెయింట్ హెలీనా ద్వీపమే దీనికి దగ్గరి జనావాసము. అదీ 2,400 కిలోమీటర్లకు పైమాటే. ట్రిస్టన్ ఒక అగ్నిపర్వతము. సముద్రమునుంచి నిటారుగా లేచి 2,000 మీటర్లు దాటిన శిఖరము, దాని పాదముల వద్ద వాయవ్య దిక్కున సన్నని పట్టీవలె కొద్దిపాటి చదును నేల – అంతే. మనుషులు ఉండగలిగినదీ, పైరు పెట్టగలిగినదీ ఆ పట్టీమీదనే. 1506లో పోర్చుగీసు నావికుడు ట్రిస్టావ్ డ కూన్హా దీనిని చూచాడు. తరువాత మూడు వందల సంవత్సరాలు అక్కడ స్థిరపడి ఉన్నవారు లేరు.

1816లో బ్రిటిషువారు అక్కడ ఒక సైనిక దళమును దింపారు. నెపోలియన్‌ను విడిపించడానికి ఎవరైనా ఈ దీవిని స్థావరముగా వాడుకుంటారేమో అన్నది వారి భయాలలో ఒకటి. దీవికీ ఆ ఖైదుకూ మధ్య ఉన్న దూరము చూస్తే ఈ భయము కొంచెము హాస్యాస్పదముగానే తోస్తుంది. మరుసటి సంవత్సరమే దళమును వెనుకకు పిలిచారు. విలియం గ్లాస్ అనే స్కాట్లండు సైనికుడు మాత్రము తాను వెళ్ళనని, భార్యాబిడ్డలతో అక్కడే ఉంటానని అనుమతి కోరాడు. మరి ఇద్దరు అతనితో చేరారు. 1817 నవంబరు 7వ తేదీన వారు ఒక ఒడంబడిక వ్రాసుకున్నారు. పశువులు, సరుకులు అందరివీ సమానముగా ఉండాలి. లాభము వస్తే సమానముగా పంచుకోవాలి, ఖర్చు వస్తే సమానముగా భరించాలి. ఏ ఒక్కడూ మరొకనిపై పెద్దరికము చేయరాదు. ఇదే అందులోని సారాంశము. ఆ కాగితము నేడు బ్రిటిషు గ్రంథాలయములో భద్రముగా ఉన్నది.

ముగ్గురు మగవారి మధ్య ఇటువంటి ఒప్పందము కుదరడము వింత కాదు. వారి తరువాత వచ్చినవారు కూడా ఆ పద్ధతినే పట్టుకొని ఉండడము వింత. వచ్చినవారు ఒక జాతివారు కారు. 1827లో సెయింట్ హెలీనానుంచి కొందరు స్త్రీలు వచ్చి దీవిలోని పురుషులను వివాహమాడారు. 1836లో ఓడ పగిలి ఒడ్డు చేరిన డచ్చి నావికుడు తన పేరును పీటర్ గ్రీన్‌గా మార్చుకొని అక్కడే ఉండిపోయాడు. తిమింగలాల వేటకు వచ్చిన అమెరికనులు ఇద్దరు, 1892లో ఓడ దెబ్బతిని చేరిన ఇటలీవారు ఇద్దరు – ఇలా కూడుకున్న జనము అది. గ్లాస్, స్వెయిన్, గ్రీన్, రోజర్స్, హేగన్, రెపెట్టో, లవరెల్లో అనే ఏడు ఇంటిపేర్లే చాలాకాలము ఆ ఊరి జనమంతటికీ ఉండేవి.

వారి దినచర్య ఎట్టిదో చూతము. ఊరికి పడమరగా కొద్ది కిలోమీటర్ల దూరములో గాలికి అడ్డముగా రాతిగోడలు కట్టుకొని బంగాళాదుంపలు పండించేవారు. అవే అన్నము, అవే ధనము. 1946లో తయారైన ఒక స్థానిక తపాలా బిళ్ళమీద ఒక పెన్నీ వెలతోబాటు నాలుగు బంగాళాదుంపలని కూడా అచ్చు వేశారంటే ఆ దుంప విలువ తెలుస్తుంది. చేపలు, పాలు, గొర్రెమాంసము, పక్కనున్న చిన్న దీవులనుంచి తెచ్చుకొనే సముద్రపు పక్షులు, వాటి గ్రుడ్లు – ఇది వారి ఆహారము. చెక్క చట్రము మీద కాన్వాసు గుడ్డ బిగించి రంగు పూసిన పొడుగు పడవలలో ఆ దీవులకు పోయివచ్చేవారు. అటువంటి పడవను ఒక్కడు నడపలేడు. ఇంటికి కప్పు వేయడము కూడా అంతే. ఇరుగుపొరుగువారు వచ్చి గడ్డి మోసి కప్పితే ఇంటివాడు వారికి విందు పెట్టేవాడు. కూలి మాట ఉండేది కాదు. రేపు వారి కప్పుకు ఇతడు వెళ్ళాలి, అంతే.

కాబట్టి ద్వీప జీవితములో అసలైన మూలధనము చేతుల లెక్క. ఆ లెక్క తగ్గితే ఏమి జరుగుతుందో 1885లో తెలిసింది. ఆ సంవత్సరము నవంబరు 28వ తేదీన, దూరముగా పోతున్న ఓడతో వర్తకము చేద్దామని పదిహేనుమంది పురుషులు పడవ వేసుకొని వెళ్ళి తిరిగి రాలేదు. పనిచేయగల మగవారిలో అధిక భాగము ఆ ఒక్క పడవలోనే పోయారు. ఊరు విధవలతోను, పిల్లలతోను, కొద్దిమంది వృద్ధులతోను మిగిలింది. దీనికి మూడేళ్ళ ముందు, 1882లో, పగిలిన ఓడనుంచి ఎలుకలు దీవిలోకి దిగి దాపు పెట్టుకున్న పంటను తినసాగినవి. దీవిని విడిచిపెట్టండని బయటివారు ఇచ్చిన సలహా అన్యాయమైనదేమీ కాదు. కొందరు ఆ సలహా విని వెళ్ళిపోయారు కూడా. మిగిలినవారు కదలలేదు.

ఇక్కడ మరొక దీవిని తలచుకోవాలి. స్కాట్లండుకు పడమట, హెబ్రిడీస్ దీవులకు ఆవల సుమారు 65 కిలోమీటర్లలో సెయింట్ కిల్డా ఉన్నది. అక్కడివారు కూడా పక్షులను పట్టి, అందరు కలిసి పనులు పంచుకొని శతాబ్దాల తరబడి బ్రదికారు. ట్రిస్టన్‌తో పోలిస్తే అది గట్టు పక్కన ఉన్నట్లే. పందొమ్మిదవ శతాబ్దములో వేసవి యాత్రికుల ఓడలు అక్కడికి రాసాగినవి. సరుకులు, డబ్బు, బయటి ప్రపంచపు ఆశలు, వ్యాధులు వాటితో వచ్చినవి. 1852లో ముప్ఫైఆరుగురు ఆస్ట్రేలియాకు వలస పోయారు; వారిలో ఎందరో దారిలోనే మరణించారు. క్రమముగా చేతులు చాలక 1930 ఆగస్టు 29న మిగిలిన ముప్ఫైఆరుగురూ తమ కోరికమీదనే ఓడ ఎక్కారు. గట్టుకు దగ్గరగా ఉన్న దీవి ఖాళీ అయింది. అతిదూరపు దీవి నిలిచింది. దూరము శాపమని అనుకునేవారు ఈ సంగతి ఆలోచించవలసినది.

అయితే దూరము వరమని కూడా తొందరపడి అనరాదు. ట్రిస్టన్ జనమునకు మూలపురుషులు, మూలస్త్రీలు కలిపి పదిహేనుమందే. ఇంత చిన్న గుంపునుంచి పెరిగిన సంఘములో ఒక్క వ్యక్తి తెచ్చిన జన్యులక్షణము కూడా కొన్ని తరాలలో ఊరంతా వ్యాపిస్తుంది. దీనిని శాస్త్రజ్ఞులు మూలపురుష ప్రభావమంటారు. తొలి కాపురస్థులలో కొందరికి ఉబ్బసము ఉండెను. దాని ఫలితముగా దీవి ప్రజలలో సుమారు సగము మందికి ఉబ్బసపు లక్షణాలు కనిపించినవి. 1990 దశకములో కెనడా శాస్త్రజ్ఞులు ఈ వ్యాధికి సంబంధించిన జన్యువులను వెదకడానికి ఇంత దూరము వచ్చినది ఇందుకే.

పడిశెము కథ ఇంకొకటి. దీవిలో నెలల తరబడి ఎవరికీ పడిశెము ఉండేది కాదు. ఓడ వచ్చి పోయిన కొద్దిరోజులకు ఊరంతా తుమ్మేది. సూక్ష్మజీవి నిలవడానికి కూడా కొంత జనసంఖ్య కావాలి. చిన్న ఊరిలో అందరికీ ఒకసారి సోకి తరువాత సోకడానికి ఎవరూ మిగలక అది అంతరిస్తుంది. మళ్ళీ ఓడ రావాలి. కాని ఇలా వ్యాధులకు దూరముగా పెరిగిన శరీరము వాటిని ఎదుర్కొనే శక్తిని అలవరచుకోదు. పండ్ల విషయము కూడా చూడండి. 1937–38లో నార్వే దేశపు శాస్త్రజ్ఞుల బృందము వచ్చినప్పుడు దీవివారి పండ్లు ఎంతో ఆరోగ్యముగా ఉన్నవని గమనించారు. చక్కెర, మైదాపిండి అరుదుగా దొరకడమే అందుకు ముఖ్య కారణము. 1942లో యుద్ధకాలపు నౌకాదళ కేంద్రము, 1949నుంచి లాబ్‌స్టర్ అనే పెద్ద సముద్రపు రొయ్యలను డబ్బాలలో నింపే పరిశ్రమ, వాటితో జీతాలు, అంగడి వచ్చినవి. తరువాత జరిపిన పరీక్షలలో పుచ్చుపండ్లు బాగా పెరిగినట్లు తేలింది.

ఇంతవరకు దీవివారు గట్టును ఓడల ద్వారానే చూచారు. 1961లో వారే గట్టుకు చేరవలసి వచ్చింది. ఆగస్టులో మొదలైన భూకంపాలు అక్టోబరు నాటికి తీవ్రమైనవి. ఊరి పక్కనే నేల బీటలువారి, ఉబ్బి, పైకి లేచింది. అక్టోబరు 10న జనమంతా చేపల ఓడలలో పక్కనున్న నైటింగేల్ దీవికి, అక్కడినుంచి డచ్చి ఓడలో కేప్‌టౌన్‌కు, చివరకు నవంబరులో ఇంగ్లండుకు చేరారు. సుమారు 260 మంది. ఊరు ఊరే కదిలింది.

ప్రభుత్వము వారిని మొదట సర్రీ ప్రాంతములోని ఒక శిబిరములో, తరువాత సౌతాంప్టన్ సమీపాన కాల్షాట్‌లో ఉంచింది. ఇళ్ళు, విద్యుద్దీపాలు, బడి, వైద్యము, సమీపములో ఉద్యోగాలు – అన్నీ అమర్చారు. దయతో చేసిన పనే. అక్కడివారి అంచనా, ఇటువంటి సౌకర్యాలు రుచి చూచినవారు ఆ రాతిగుట్టకు మళ్ళీ పోరని. వైద్య శాస్త్రజ్ఞులకు కూడా ఇది మంచి అవకాశమై దీవివారిని శ్రద్ధగా పరీక్షించారు. కాని ఆ మొదటి చలికాలములోనే ఊపిరితిత్తుల వ్యాధులతో కొందరు వృద్ధులు కన్నుమూశారు. బ్రదికినవారికి వేరే చిక్కులు. తలుపుకు తాళము వేయడము నేర్చుకోవాలి. గంట కొట్టగానే పనికి పోవాలి, గంట కొట్టేవరకు ఆగాలి. గాలి వాలు చూచి, ఈరోజు పడవ తీయాలా దుంపలు త్రవ్వాలా అని తామే నిర్ణయించుకొన్న మనుషులకు ఇది కూలి కంటె కష్టముగా తోచింది. పక్క ఇంటివాని పేరు తెలియని వీధిలో ఎవరికి విందు పెట్టాలి?

ఈలోగా రాయల్ సొసైటీ పంపిన శాస్త్రజ్ఞుల బృందము 1962 ఆరంభములో దీవిని పరిశీలించింది. అగ్నిపర్వతము శాంతించుచున్నది. లావా ప్రవాహము రొయ్యల కర్మాగారమును, పడవలు దిగే తీరమును కప్పివేసింది. ఇళ్ళు దాదాపు అన్నీ నిలిచి ఉన్నవి. ఈ వార్త విన్నప్పటినుంచి కాల్షాట్‌లో మరొక మాట లేదు. అధికారులు సందేహించారు. పన్నెండుగురు దీవివారు ముందుగా వెళ్ళి ఇళ్ళు చక్కదిద్దారు. 1962 డిసెంబరులో రహస్య ఓటు జరిగింది. తిరిగి వెళ్ళాలని 148 మంది, వద్దని అయిదుగురు.

ఇంగ్లండు పత్రికలు ఆశ్చర్యపోయినవి. నాగరికతను తిరస్కరించిన ప్రజలని కొందరు వ్రాశారు. ఈ మాట సరి అయినది కాదు. వారు తిరిగి పోయేటప్పుడు ఇంగ్లండులో కొనుక్కున్న వస్తువులను, నేర్చిన అలవాట్లను వెంట తీసుకొనిపోయారు. వారు వద్దన్నది విద్యుద్దీపమును కాదు, మరొకని క్రింద బ్రదకడమును. 1937లో నార్వే బృందముతో వచ్చిన సామాజిక శాస్త్రజ్ఞుడు పీటర్ మూంక్ తరువాత చాలాకాలము ఈ ప్రజలను అధ్యయనము చేసి, పరస్పర సహాయముతో పాటు ఎవరి స్వేచ్ఛలో ఎవరూ జోక్యము చేసుకోకపోవడమే వారి సంఘమునకు పునాది అని గ్రహించాడు.

1963 నవంబరులో ముఖ్యమైన గుంపు దీవికి చేరింది. అందరికీ అది నచ్చిందని చెప్పలేము. ఇంగ్లండులో యౌవనము గడిపినవారికి ఊరు ఇరుకుగా తోచింది. 1966లో ముప్ఫైఅయిదుగురు మళ్ళీ ఇంగ్లండుకు వెళ్ళారు. ఓటు వేయడానికి వయసు చాలని పిల్లలకు ఆ నాడు నోరు లేదన్నది కూడా నిజమే.

ఉన్నవారు ఉన్నారు. నేటికీ అక్కడ విమానము దిగే చోటు లేదు. కేప్‌టౌన్‌నుంచి ఓడలో సుమారు వారము రోజుల ప్రయాణము. జనసంఖ్య 250 లోపు. రొయ్యల పరిశ్రమ తిరిగి నిలబడి ముఖ్య ఆదాయమైనది. భూమి అంతా ఉమ్మడిది, బయటివారు కొనడానికి వీలు లేదు. బంగాళాదుంపల చేలు రాతిగోడలతో అలాగే ఉన్నవి. లావా పాత తీరమును కప్పివేసినందున పడవలు దిగడానికి 1960 దశకములో ఒక చిన్న రేవు కట్టుకున్నారు. దానికి వారు పెట్టుకున్న పేరు కాల్షాట్ రేవు.