ప్యాకేజీ పత్రాలకు ఒకే ఎన్‌కోడింగ్: ఎందుకు, ఎలా?

సాఫ్ట్‌వేర్ ప్యాకేజీతో వచ్చే రీడ్‌మీ, చేంజ్‌లాగ్ లాంటి ఫైళ్లలో నిజానికి ఉండేవి బైట్లే. ఏ బైటును ఏ అక్షరంగా చదవాలో చెప్పేది ఎన్‌కోడింగ్. సాదా టెక్స్ట్ ఫైలు తనది ఏ ఎన్‌కోడింగో చెప్పదు. చిక్కంతా అక్కడే. పశ్చిమ ఐరోపా భాషల కోసం చేసిన ఐఎస్ఓ 8859-1లో అక్షరానికి ఒక్క బైటు. తెలుగుకు అందులో చోటే లేదు. 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8లో ‘త’కు 3 బైట్లు. దాన్ని 8859-1గా తెరిస్తే ఒక ఫ్రెంచి అక్షరం, డిగ్రీ గుర్తు, కరెన్సీ గుర్తు కనిపిస్తాయి.

ఇలాంటి గందరగోళం లేకుండా, కంట్రోల్, చేంజ్‌లాగ్ ఫైళ్లు యూటీఎఫ్-8లోనే ఉండాలని డెబియన్ లినక్స్ నియమం పెట్టుకుంది. ప్యాకేజీ నిర్వాహకుల పేర్లు ఉండేది వాటిలోనే. పేరు చెడితే పని ఎవరిదో తెలియదు.

పాత ఫైళ్లను ఐకాన్వ్ అనే ప్రోగ్రాం క్షణాల్లో మారుస్తుంది. అసలు ప్రమాదం ఇక్కడుంది. ఇప్పటికే యూటీఎఫ్-8లో ఉన్న ఫైలును 8859-1 అనుకుని మళ్లీ మారిస్తే, ‘త’ తాలూకు 3 బైట్లు 6 అవుతాయి. ఆ 6 కూడా చెల్లుబాటయ్యే యూటీఎఫ్-8 బైట్లే కాబట్టి, చెల్లుబాటు ఒక్కటే చూసే తనిఖీకి తప్పు దొరకదు. అందుకే మార్చే ముందే పరీక్షించాలి. తెలుగు లాంటి అక్షరాలున్న ఫైలు యూటీఎఫ్-8గా చెల్లితే, దాన్ని ముట్టుకోకపోవడమే మేలు.