పుల్లరి - బతుకుదెరువు నేల

పల్నాడు అనగానే మన సాహిత్య విద్యార్థి కోడిపందెం అంటాడు, కారంపూడి రణరంగం అంటాడు, శ్రీనాథుడి ద్విపద అంటాడు. ఆధునిక చరిత్ర అడిగితే కన్నెగంటి హనుమంతు పేరు చెప్పి ఆగిపోతాడు. హనుమంతు దేనికోసం చనిపోయాడంటే 'దేశం కోసం' అన్న జవాబు వస్తుంది. ఆ జవాబు అబద్ధం కాదు, అసంపూర్ణం. మించాలపాడు రైతు హనుమంతు చనిపోయింది పశువులు మేసే నేల కోసం. ఆ నేల లేకపోతే పశువు లేదు, పశువు లేకపోతే సేద్యం లేదు, పాడి లేదు, కాపరికి కూలి లేదు.

ఏ నేల ఏ పనికి ఉండాలో నిర్ణయించే ప్రతి నిబంధనా, ఎవరి శ్రమను శ్రమగా గుర్తించాలో కూడా నిర్ణయిస్తుంది. ఈ సంగతిని పల్నాడు చరిత్ర వంద సంవత్సరాలకు పైగా చెబుతూ వస్తోంది. మన విమర్శ దాన్ని సరిగా వినలేదని నా అభిప్రాయం.

'పుల్లరి' అన్న మాటను పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు విడదీసి చూపిస్తాను. పుల్లు అంటే గడ్డి, అరి అంటే పన్ను. గడ్డి మీద పన్ను అనటంతో మాట అర్థమవుతుంది గాని వ్యవస్థ అర్థం కాదు. 1878 నాటి భారత అటవీ చట్టం మద్రాసు రాజధానికి వర్తించలేదు. అంతకుముందు 1870 దశకంలో మద్రాసు రెవిన్యూ బోర్డే, ఇక్కడి అడవులన్నీ ఏదో ఒక గ్రామం పొలిమేరలోనే ఉన్నాయనీ, వాటిలో గ్రామస్థులకు హక్కులున్నాయనీ వాదించింది. తెల్లదొరల ప్రభుత్వంలోనే ఒక శాఖ అన్న మాట ఇది. ఆ వాదం ఓడిపోయింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఒక ప్రాంతాన్ని రిజర్వు అడవిగా ప్రతిపాదించటం, హక్కులున్నవాళ్ళు గడువులోగా చెప్పుకోవాలనటం, విచారణ జరపటం, చివరకు ప్రకటించటం - ఇదీ దాని పద్ధతి. కాగితం చదవటం వచ్చినవాడికి, కచేరీ మెట్లెక్కగలిగినవాడికి ఈ పద్ధతిలో కొంత న్యాయం ఉండవచ్చు. మందవెంట నడిచే గొల్లకూ, తండాలో ఉండే లంబాడీకీ, నల్లమలలో తిరిగే చెంచుకూ గడువు సంగతే తెలియదు. తరతరాల అలవాటు ఒక్క ప్రకటనతో నేరమైంది. ఆ నేరానికి మినహాయింపు రుసుముగా అమ్మటం మొదలైంది. పుల్లరి అంటే అదీ.

అడవిని కాపాడటం తప్పని నేననటం లేదు. కాపాడిన తీరు గమనించాలి. కలపకూ, వంటచెరుకుకూ, సర్కారు ఆదాయానికీ అడవిలో చోటు దొరికింది. ఊరి పశువుకు చీటీ మీద మాత్రమే చోటు దొరికింది. ఈ బాధ ప్రభుత్వానికి తెలియనిది కాదు. గ్రామాల మేతకూ, వంటచెరుకుకూ అవసరమైన అడవులను గ్రామ పంచాయతీల చేతుల్లో పెట్టవచ్చునని 1913లో మద్రాసు అటవీ సంఘమే సిఫారసు చేసింది. ఆ తర్వాత 8 ఏళ్ళకు పల్నాడు భగ్గుమంది.

1921లో పల్నాటి గ్రామాలు పుల్లరి కట్టం అన్నాయి. చీటీలు లేకుండా పశువులను అడవిలోకి తోలాయి. అటవీ ఉద్యోగులకు చాకలి, మంగలి, తిండీ నీళ్ళూ బంద్ చేశాయి. పరిస్థితి చూడటానికి వచ్చిన కాంగ్రెసు నాయకుడు ఉన్నవ లక్ష్మీనారాయణ జైలు పాలయ్యారు. 1922 ఫిబ్రవరిలో పశువులను పట్టుకుపోవటానికి వచ్చిన పోలీసులకూ ప్రజలకూ ఘర్షణ జరిగింది. ఆ కాల్పుల్లో హనుమంతు నేలకొరిగాడు. అదే నెలలో బార్డోలీలో కాంగ్రెసు కార్యవర్గం సహాయ నిరాకరణను నిలిపివేసింది. రైతులు ప్రభుత్వానికి పన్నులు చెల్లించాలనీ, జమీందార్లకు శిస్తు ఆపటం కాంగ్రెసు విధానం కాదనీ తీర్మానించింది. పల్నాటి రైతు అడిగిన ప్రశ్న నేల గురించినది. జాతీయ నాయకత్వం ఇచ్చిన జవాబు క్రమశిక్షణ గురించినది. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని మన దేశభక్తి కవిత్వం పూలదండలతో కప్పేసింది.

అయితే మన సాహిత్యంలో ఒక గొప్ప మినహాయింపు ఉంది. ఉన్నవ రాయవేలూరు జైల్లో కూర్చుని 'మాలపల్లి' రాశారు. పల్నాటి అలజడి వల్ల జైలుకు వెళ్ళిన మనిషి రాసిన నవలలో కథానాయకులు వీరులూ కారు, జమీందార్లూ కారు, మాలపల్లె మనుషులు. కూలి కోసం నిలబడిన సంగదాసు భూస్వామి చేతిలో చనిపోతాడు. వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడవుతాడు. ప్రభుత్వం ఈ నవలను నిషేధించింది. 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక గాని ఆ నిషేధం పోలేదు. మన విమర్శకులు దీన్ని గాంధీ ప్రభావం, రష్యా విప్లవ ప్రభావం అంటూ తూకం వేశారు. ఆ తూకాల పక్కన పుల్లరి చీటీని కూడా పెట్టి చూడాలి. నేల మీద హక్కు లేనివాడి శ్రమకు ధర నిర్ణయించేది ఇంకొకడే అన్న ఎరుక ఆ నవలకు ఊపిరి. ఆ ఎరుకకు పల్నాటి వాసన ఉంది.

స్వాతంత్ర్యం తర్వాత కథ మారింది, ప్రశ్న మారలేదు. 1958లో మాచర్లలో కె.సి.పి. సిమెంటు కర్మాగారం వచ్చింది. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీరొచ్చింది. సున్నపురాయి ఉన్న నేలకూ, నీరందిన బంజరుకూ కొత్త ధర వచ్చింది. ప్రభుత్వం పేదలకిచ్చిన డి.కె.టి. పట్టా భూములు తెల్లకాగితాల మీద చేతులు మారటం మన ఊళ్ళలో ఎవరికీ తెలియని సంగతి కాదు. దీన్ని ఆపటానికే 1977లో అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం వచ్చింది. భూమి లేని పేదకు ఇచ్చిన భూమిని కొంటే ఆ కొనుగోలు చెల్లదనీ, దాన్ని వెనక్కి తీసుకుని అసలు పట్టాదారుకు అప్పగించాలనీ ఆ చట్టం చెప్పింది. 1882 చట్టం నేలను పేదవాడి నుంచి కాపాడింది. 1977 చట్టం పేదవాడి కోసం కాపాడాలని చూసింది. రెంటికీ 'రక్షణ' అనే పేరే. ఈ తేడాను పట్టుకోలేని చరిత్రరచన వట్టి తేదీల పట్టిక.

తర్వాత 2006లో వ్యవసాయ భూమిని ఇతర పనులకు మార్చే చట్టం వచ్చింది. మార్చాలంటే అనుమతి కావాలి, రుసుము కట్టాలి. ఇక్కడ నాకు పుల్లరి గుర్తొస్తుంది. 1921లో పని చేసుకోవటానికి రుసుము, 2006లో పని ఆగిపోవటానికి రుసుము. దరఖాస్తు పెట్టేది యజమాని. ఆ చేలో మిరపకాయ కోసే కూలీ, ఏడాదికింతని కౌలు కట్టే రైతు ఆ దరఖాస్తులో కక్షిదారులు కారు. 2023లో అసైన్డు చట్టాన్ని సవరించి 20 ఏళ్ళు దాటిన భూములను అమ్ముకునే హక్కిచ్చారు. 2025లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2006 చట్టాన్ని రద్దు చేస్తూ బిల్లు ఆమోదించింది.

దీనికొక అభ్యంతరం ఉంది, అది బలమైనది. అందరూ అమ్ముకుంటున్నప్పుడు దళిత రైతు ఒక్కడే ఎందుకు అమ్ముకోకూడదు? ఆపద వచ్చినప్పుడు అక్కరకు రాని ఆస్తి ఏం ఆస్తి? ఈ ప్రశ్నను తోసిపుచ్చే అర్హత భూమి ఉన్నవాళ్ళకు లేదు. అలాగే పొలం ఎప్పటికీ పొలంగానే ఉండాలనటం కూడా మూఢత్వమే. మాచర్ల కర్మాగారం పని పోగొట్టటమే కాదు, పని ఇచ్చింది కూడా. అడగవలసింది ఒక్కటే. నేల మారినప్పుడు ఎన్ని చేతులకు పని పోయింది, ఎన్ని చేతులకు వచ్చింది, ఆ చేతులు ఎవరివి? ఈ లెక్క ఈ చట్టాల్లో తప్పనిసరి కాలేదు. ఇళ్ళ స్థలాలుగా రాళ్ళు పాతిన పొలంలో పని పోయినవాళ్ళ పేర్లు ఏ రిజిస్టరులోనూ ఉండవు.

ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలను ఆదేశించింది. అదే ఏడు మన రాష్ట్రంలో గ్రామ పంచాయతీ ఆస్తుల రక్షణ నియమాలు వచ్చాయి. మందబయలు, చెరువు, పోరంబోకు కాపాడటానికి ఊరికి ఒక ఆయుధం దొరికింది. కాని నియమం భూమిని కాపాడాలంటే ఆ నియమాన్ని కాపాడే మనుషులు కావాలి. పంచాయతీ పుస్తకం తెరిచి, మన ఊరి మేతబీడు ఏ సర్వే నంబరులో ఉందో గ్రామసభలో అడిగే మనుషులు కావాలి. 1921లో పల్నాటి ఊళ్ళకు చట్టం తోడు లేదు, కూడిన జనం ఉన్నారు. ఇవాళ చట్టాలున్నాయి, జనం విడివిడిగా ఉన్నారు.

రచయితలకు ఇందులో పనుంది. హనుమంతు మీద మరో వీరగీతం కన్నా, మేతబీడు పోయాక గొర్రెలమ్ముకుని ఇటుకబట్టీకి పోయిన కాపరి కథ ఇప్పుడు అవసరం. సాహిత్య విద్యార్థులు 'మాలపల్లి' చదివేటప్పుడు పక్కన 1882 చట్టాన్నీ, 1977 చట్టాన్నీ పెట్టుకుని చదవాలి. శిల్ప చర్చ తర్వాత చేయవచ్చు. ముందు ఆ నవల నిలబడిన నేల ఎవరిదో తేల్చుకోవాలి.