బెడ్‌లైనర్ పూత

సరుకు బండ్ల తొట్టికి గీతలు పడకుండా, తుప్పు పట్టకుండా పిచికారీ చేసే మందపాటి, గరుకైన పాలీయూరియా లేదా పాలీయురేథేన్ పూత. వెలిసిపోయిన బంపర్లు, ఫుట్‌బోర్డులు, మడ్‌గార్డులు, పైకప్పు క్యారియర్లను మళ్లీ కొత్తగా చేయడానికీ దీన్ని వాడతారు.

శ్రీకాకుళం జిల్లా గార మండలంలోని శ్రీకూర్మం వంటి తీరప్రాంత గ్రామాల్లో ఇలాంటి రక్షణ అవసరం ఎక్కువ. బంగాళాఖాతం మీదుగా వచ్చే ఉప్పుగాలి ఇనుమును త్వరగా తినేస్తుంది. చేపలూ ఐసూ మోసే బండ్లకైతే కారే ఉప్పునీరు కూడా తోడవుతుంది.

పూత ఎంతకాలం నిలుస్తుందో ముందు చేసే తయారీయే తేలుస్తుంది. తుప్పును లోహం మెరిసేదాకా గీకాలి. ఉప్పు పోయేలా మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, 80 నంబరు ఎమ్రీ కాగితంతో గరుకు చేసి, థిన్నర్‌తో తుడవాలి. మిగిలిపోయిన తుప్పు పూత కిందే పాకుతుంది. పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది కనుక ఈ పనిలో ఇదే అన్నిటికన్నా చెడ్డ లోపం. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌కు పట్టు పెంచే ప్రత్యేక ప్రైమర్ కావాలి.

పాలీయూరియాలో ఐసోసైనేట్, అమైన్ రెజిన్ స్ప్రే గన్‌లో కలిసి సెకన్లలోనే గట్టిపడతాయి. ఐసోసైనేట్ ఆవిరి ఉబ్బసం తెప్పించగలదు. పిచికారీ చేసేవారికి గుడ్డ మాస్కు ఏమాత్రం చాలదు, బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు ఉండాలి. ఈ పూతల్లో ఆరోమాటిక్ రకాలు ఎండకు రంగు మారతాయి. అలిఫాటిక్ రకాలు రంగు నిలుపుకుంటాయి, ధర మాత్రం ఎక్కువ.